తిరువల్లికేణిలో ఒక శుక్రవారం

మదర్సాలో కొత్త విద్యా సంవత్సరం షవ్వాల్ నెలలో మొదలవుతుంది. ఇరవై ఏడేళ్లుగా ప్రతి షవ్వాల్‌లోనూ తొలిరోజు పాఠంలో నేను విద్యార్థులకు ఒక తండ్రీకొడుకుల పేర్లు చెబుతూ వస్తున్నాను. తండ్రి ముల్లా నిజాముద్దీన్ సిహాల్వీ (రహ్మ). మన ఉపఖండంలోని అత్యధిక మదర్సాలలో నేటికీ నడుస్తున్న పాఠ్యప్రణాళికకు 'దర్సె నిజామీ' అనే పేరు ఆయన వల్లనే వచ్చింది. కొడుకు మౌలానా అబ్దుల్ అలీ లఖ్నవీ (రహ్మ). ఆయన విద్వత్తును చూసి పండితలోకం ఆయనను 'బహ్రుల్ ఉలూమ్' అని పిలిచింది. విద్యల సముద్రం అని దాని అర్థం. ధర్మశాస్త్ర మూలసూత్రాలు చదివే పెద్ద తరగతి విద్యార్థులలో ఆయన రాసిన 'ఫవాతిహుర్ రహమూత్' అనే వ్యాఖ్యాన గ్రంథం పేరు విననివారుండరు.

లక్నోలో పుట్టిన ఆ విద్యల సముద్రం మద్రాసు సముద్రతీరాన విశ్రమించి ఉన్నదని కూడా ప్రతియేటా చెబుతాను. మాది నెల్లూరు జిల్లా. తెల్లవారి రైలెక్కితే మధ్యాహ్నం కాకముందే మద్రాసులో ఉండవచ్చు. అయినా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ సమాధి వద్ద నిలబడి సలాం చెప్పలేదు. మొన్న జమాదిల్ అవ్వల్ నెలలో వెళ్లాను. అయితే ఆ మహాపండితుని కోసమే వెళ్లానని రాస్తే అసత్యమవుతుంది. మా రెండో అబ్బాయి కోసం వెళ్లాను.

వాడు మదర్సా చదువులో చివరి సంవత్సరమైన దౌరె హదీస్ మాత్రమే మిగిలి ఉండగా చదువు ఆపి, చెన్నైలో సెల్‌ఫోన్ విడిభాగాల దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాడు. వెళ్లి ఏడాదిన్నర అయింది. "కొంతకాలం సంపాదించుకుంటాను అబ్బా" అన్నాడు తప్ప కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు. నలుగురి పిల్లలకూ విద్య గొప్పదనాన్ని బోధించేవాడి కొడుకు విద్యను విడిచి అంగడికి పోయాడన్న మాట నన్ను లోలోపల కాల్చింది. ఫోనులో మాట్లాడినప్పుడల్లా "నమాజు చేస్తున్నావా, తింటున్నావా" అన్న రెండు ప్రశ్నలతో ముగించేవాణ్ణి. చివరకు వాళ్లమ్మ, "కొడుకు మీద అలిగి కూర్చోవడం ఏ కితాబులో ఉంది? వెళ్లి చూసి రండి" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

శుక్రవారం తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకొని రైలెక్కాను. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి రైలు తమిళనాడులో ప్రవేశించింది. ఈ దారి వెంట కూర్చున్నవాడికి ఒక చరిత్ర గుర్తుకు రావాలి. మన నెల్లూరు సీమ ఒకప్పుడు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండేది. 1801లో కర్ణాటక రాజ్యాధికారమంతా ఈస్టిండియా కంపెనీ పరమైనప్పుడు నెల్లూరు కూడా దానితోపాటే పోయింది. నవాబుల నివాసం పేరుకు ఆర్కాటుదే అయినా, వారు చివరి దశలో కాపురమున్నది మద్రాసు సముద్రపు ఒడ్డున, తిరువల్లికేణి పక్కనున్న చేపాకంలో. అంటే మా తాతముత్తాతలు కట్టిన శిస్తు చేరింది ఆ పేటకే. నేను చూడబోతున్నదీ, మా అబ్బాయి కాపురమున్నదీ ఆ పేటలోనే.

సెంట్రల్ స్టేషన్ నుండి రోడ్డు దాటి పార్క్ టౌన్‌లో ఎత్తైన వంతెన మీద నడిచే లోకల్ రైలు పట్టుకొని తిరువల్లికేణిలో దిగాను. అబ్బాయి మెట్ల దగ్గర ఎదురుచూస్తున్నాడు. చిక్కిపోయాడు. గడ్డం కాస్త ఒత్తుగా పెరిగింది. సలాం చెప్పి నా చేతిలోని సంచీ అందుకున్నాడు. ఇద్దరమూ మాట్లాడకుండా నడిచాము.

'అల్లి' అంటే తమిళంలో కలువ, 'కేణి' అంటే కొలను. కలువల కొలను అన్న ఆ పేరును పలకలేక ఆంగ్లేయులు ట్రిప్లికేన్ అన్నారు. పల్లవుల కాలం నాటి పార్థసారథి ఆలయం, దాని ఎదుట కోనేరు, వాటి చుట్టూ పాత వీధులు, ఇవి ఆ పేటకు మొదటి రూపం. 17వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఈ గ్రామం మన గోల్కొండ సుల్తానుల అధీనంలో ఉండేది. వారి నుండి కంపెనీవారు దీన్ని సాలుకు కొంత కౌలు చెల్లించే ఒప్పందం మీద పొందారు. ఆ తర్వాత వందేళ్లకు నవాబు వచ్చాడు. ఆయన వెంట పండితులు, హకీములు, మున్షీలు, సైనికులు, వంటవారు, అత్తరు వర్తకులు వచ్చారు. ఆలయ వీధులకు పడమటగా మస్జిదు వీధులు పెరిగాయి. ఈనాటికీ కోనేటి గట్టు నుండి పది పదిహేను నిమిషాలు నడిస్తే చెవిలో పడే భాష మారుతుంది. తమిళం మెల్లగా తగ్గి, మన ఇళ్లలో మాట్లాడే దక్కనీకి దగ్గరి ఉర్దూ వినిపిస్తుంది.

సందులు ఇరుకు. రెండు బండ్లు ఎదురైతే ఒకటి ఆగాలి. పాత ఇళ్లకు వీధి అరుగులు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. వాటి మధ్య నాలుగైదు అంతస్తుల మ్యాన్షన్లు లేచాయి. మ్యాన్షన్ అనగానే మహలు అనుకోకండి. పని కోసం, పరీక్షల కోసం నగరానికి వచ్చిన ఒంటరి మగవారికి గదులు అద్దెకిచ్చే భవనాలను ఇక్కడ అలా పిలుస్తారు. మా అబ్బాయి గదిలో మూడు మంచాలు, ఒక కిటికీ, గోడకు కొట్టిన మేకులకు మూడు జతల బట్టలు. మంచం కింద ఒక్కొక్కరికి ఒక్కొక్క రేకు పెట్టె. స్నానాల గదులు వరండా చివర, అంతస్తు మొత్తానికి కలిపి.

"అబ్బా, జుమాకు స్నానం చేస్తారా? పెట్టెలో ఉతికిన తువ్వాలు ఉంది, తీసుకోండి. నేను కిందికి వెళ్లి చాయ్ తెస్తాను" అన్నాడు.

పెట్టె తెరిచాను. పైన తువ్వాలు. దాని కింద పచ్చని గుడ్డలో చుట్టిన మిష్కాత్. ఇది నేను వాడికి ఆరో ఏట మదర్సాలో చేర్చినప్పుడే దాచి ఉంచి, ఆ తరగతికి వచ్చాక ఇచ్చిన ప్రతి. దాని పక్కన ఒక చిన్న నోటు పుస్తకం. పరాయివారి రాతలు చదవడం తగదని తెలుసు. కాని పైనే కనబడిన మొదటి పేరు మా ఊరి షామియానా యజమానిది.

ఆ పేజీలో తొమ్మిది పేర్లున్నాయి. షామియానా, ఫంక్షన్ హాలు, మాంసం దుకాణం, కిరాణా, మంచాలూ బీరువా ఇచ్చిన ఫర్నిచర్ కొట్టు, చేబదులిచ్చిన నలుగురు మిత్రులు. ప్రతి పేరు ఎదుటా ఒక మొత్తం. దాని కింద నెలనెలా పంపిన చిన్న చిన్న మొత్తాలు, తేదీలు. మొత్తం బాకీ 4,60,000 రూపాయలు. తీరినది 1,85,000. రెండు పేర్లను పూర్తిగా కొట్టివేసి, పక్కన అరబీలో అల్హందులిల్లాహ్ అని రాసుకున్నాడు.

ఆ అప్పులన్నీ నావి.

పాఠకులకు నా తప్పును దాచకుండా చెబుతాను. రెండేళ్ల క్రితం మా అమ్మాయి నికాహ్ జరిగింది. అల్లుడు ధర్మనిష్ఠ కలవాడు, ఒక్క రూపాయి కట్నం అడగలేదు. జుమా ప్రసంగాలలో దుబారా వివాహాలను ఎండగట్టిన మనిషిని నేను. అయినా బంధువులలో, మదర్సా చందాదారులలో "మౌల్వీసాబు కూతురి పెళ్లి వెలవెలబోయింది" అన్న మాట వస్తుందేమోనని భయపడ్డాను. ఆడపెళ్లివారు విందు ఇవ్వాలని షరీఅత్‌లో ఎక్కడా లేదని తెలిసి కూడా ఏడువందల మందికి భోజనాలు పెట్టాను. ఇంటి సామాను కొని పంపాను. వడ్డీ జోలికి పోలేదు గదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తరువాత నెలలు గడిచినా బాకీదారులు అడగలేదు. అది వారి మంచితనమనీ, అల్లాహ్ నా పరువును కాపాడుతున్నాడనీ అనుకున్నాను. ఆ పరువును ఎవరు, ఏ గదిలో పడుకొని కాపాడుతున్నారో ఆ శుక్రవారం తెలిసింది.

పుస్తకాన్ని ఉన్నచోటనే పెట్టాను. వాడు చాయ్ తెచ్చాడు. తాగాను. ఏమీ అనలేకపోయాను.

జుమాకు వాలాజా మస్జిదుకు వెళ్లాము. ఇప్పుడు ఖాయిదె మిల్లత్ పేరున్న పాత ట్రిప్లికేన్ హైరోడ్డు మీద, విశాలమైన ఆవరణ వెనుక ఆ మస్జిదు ఉంది. ఇరుకు సందుల నుండి ఆ ఆవరణలోకి అడుగు పెట్టగానే ఊపిరి తేలికపడుతుంది. ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ ఖాన్ వాలాజా పేరిట 1795లో వెలసిన ఈ మస్జిదును ఇనుము గాని, కలప గాని వాడకుండా బూడిదరంగు నల్లరాతితో కట్టారు. ఇరువైపులా సన్నని మీనార్లు, ముందు వుజూ కోసం నీటి తొట్టి. అలంకారాలు చాలా తక్కువ. రాయిని రాయిగానే ఉంచిన కట్టడం అది.

లోపల నిర్మాణ కాలాన్ని తెలిపే శిలాలేఖం ఒకటి ఉంది. దాన్ని కూర్చినవాడు నవాబు కొలువులో మున్షీగా ఉన్న హైందవ విద్వాంసుడు, రాజా మఖన్‌లాల్ ఖిరత్. అల్లాహ్ స్మరణే అన్నింటికన్నా గొప్పదనే భావం వచ్చే మూడు అరబీ పదాలలో ఆయన సంవత్సరాన్ని ఇమిడ్చాడు. పూర్వం అరబీ అక్షరాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్యా విలువ ఉండేది. దాన్ని అబ్జద్ లెక్క అంటారు. ఇంట్లో పిల్లలతో కూర్చుని చేసి చూడండి: 'జిక్ర్' అన్న పదానికి 920, 'అల్లాహ్' అన్న నామానికి 66, 'అక్బర్' అన్న పదానికి 223. కూడితే 1209. అదే ఆ మస్జిదు హిజ్రీ సంవత్సరం. పరధర్మీయుడైన ఒక మున్షీ ఎంత శ్రద్ధతో మన భాషనూ, మన భావాన్నీ ఆకళించుకుంటే ఆ మూడు పదాలు దొరికి ఉంటాయి!

ఈ సంగతి చెబితే అబ్బాయి మొదటిసారి నవ్వాడు. "నేను వచ్చిన కొత్తలో రమజాన్ ఉపవాసాలు ఇక్కడే విరమించేవాణ్ణి అబ్బా. వడ్డించేవారు కూడా హైందవ సోదరులే" అన్నాడు. దేశ విభజన కాలంలో సింధ్ నుండి నిరాశ్రయులుగా వచ్చినవారిలో ఒకరు నెలకొల్పిన సేవాసంస్థ దశాబ్దాలుగా ఈ మస్జిదులో ఇఫ్తార్ భోజనం అందిస్తున్నది. వాడు వాళ్ల చేతి తిండి తిన్న ఆ రోజుల్లోనే నేను ఇంట్లో, "వాడికేం, నగరంలో హాయిగా ఉన్నాడు" అని అన్న సంగతి గుర్తొచ్చింది.

నమాజు ముగిశాక ఆవరణలోని సమాధుల వైపు నడిచాము. రాజ్యాంగ సభ సభ్యులైన ముహమ్మద్ ఇస్మాయీల్ సాహెబ్, ప్రజలు ఖాయిదె మిల్లత్ అని పిలుచుకున్న నాయకుడు, 1972లో మరణించి ఇక్కడే ఖననమయ్యారు. హజ్రత్ బహ్రుల్ ఉలూమ్ (రహ్మ) కూడా ఈ మస్జిదు నీడలోనే ఉన్నారు. సమాధివాసులకు సలాం చెప్పి, వారి క్షమాపణ కోసం అల్లాహ్‌ను వేడుకున్నాను. ఇరవై ఏడేళ్ల బాకీ అది కూడా.

ఆ మహనీయుని జీవితాన్ని అక్కడ నిలబడి అబ్బాయికి మరోసారి చెప్పాను. యవ్వనం పూర్తిగా రాకముందే, 1748లో తండ్రి చనిపోయారు. మిగిలిన సందేహాలు తీర్చుకోవడానికి ఆయన తన తండ్రి శిష్యుడైన ముల్లా కమాలుద్దీన్ దగ్గర కూర్చున్నారు. తన తండ్రి ముందు కూర్చున్నవాడి ముందు తాను కూర్చోవడానికి నామోషీ పడలేదు. తర్వాత పుట్టిన ఊరిలో నిలిచే పరిస్థితి లేక షాజహాన్‌పూర్, రాంపూర్, బెంగాల్‌లోని బుహార్ చేరారు. చివరకు నవాబు ఆహ్వానం మీద మద్రాసు వచ్చారు. నవాబు వంశస్థులు కూడా అవధ్ ప్రాంతపు గోపామవ్ వారే. పండితుని పల్లకీ రాజభవనం చేరినప్పుడు నవాబు ఆయనను దిగనివ్వకుండా పల్లకీకి తన భుజాన్ని ఆనించి లోపలికి తీసుకెళ్లాడని చరిత్రకారులు రాశారు. ఆ పండితుడు హిజ్రీ 1225, అంటే 1810లో మరణించేవరకు ఇక్కడే బోధించారు. సొంత ఊరి మట్టి దక్కలేదు. ఆయన పాఠం మాత్రం మా మదర్సా వరకు వచ్చింది.

"అయితే ఆయన కూడా బతుకుదెరువు కోసం ఇక్కడికి వచ్చినవారేనన్నమాట" అన్నాడు అబ్బాయి. మందలిస్తానేమోనని నా ముఖం వైపు చూశాడు. నేను మందలించలేదు.

అక్కడి నుండి తూర్పుగా చేపాకం వైపు నడిచాము. ముహమ్మద్ అలీ వాలాజా, ఆంగ్లేయుల కోట నీడలో ఉండాలని కోరి, 1768 నాటికి ఇక్కడ రాజభవనం కట్టించాడు. ఖలస్ మహల్, హుమాయూన్ మహల్ అని రెండు భాగాలు. గుమ్మటాలు, కమాను ద్వారాలు, ఎర్రని గోడలు. ఇప్పుడు అందులో ప్రభుత్వ సంబంధ కార్యాలయాలున్నాయి. 2012లో ఖలస్ మహల్‌లో అగ్నిప్రమాదం జరిగి లోపలి భాగం కాలిపోయింది. తరువాత దాన్ని తిరిగి నిలబెట్టారు. చుట్టూ లేచిన కార్యాలయ భవనాల వల్ల, సముద్రం వైపు నుండి చూసేవారికి అక్కడొక రాజభవనం ఉందని సులభంగా తెలియదు. ఒకనాటి నవాబు తోటలో ఇప్పుడు క్రికెట్ మైదానం ఉంది.

ఆ భవన నిర్మాణాన్ని నడిపించినవాడు పాల్ బెన్‌ఫీల్డ్ అనే కంపెనీ ఉద్యోగి అని చెబుతారు. నవాబుకు పెద్ద ఎత్తున అప్పులిచ్చిన ఆంగ్లేయులలో ఆయన ముఖ్యుడు. నవాబుకు యుద్ధాల ఖర్చు ఉంది, కంపెనీకి చెల్లించవలసిన సొమ్ము ఉంది, వాటికి మించి దర్బారు వైభవం ఉంది. రొక్కం చాలక అధిక వడ్డీకి అప్పులు చేశాడు. పాత అప్పు వడ్డీ తీర్చడానికి కొత్త అప్పు చేశాడు. ఇచ్చిన వారికి హామీగా జిల్లాల శిస్తును రాసిచ్చాడు. రైతు పొలంలో గింజ పండకముందే దాని సొమ్ము మరొకరి ఖాతాలో చేరేది. ఈ అప్పుల గోల లండన్ దాకా పోయి, 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో వాటిపై సుదీర్ఘ ప్రసంగం చేశాడు. తరువాతి కాలంలో విచారణ సంఘం కూర్చుని లెక్కలు చూస్తే అప్పుదారుల దావాలలో అత్యధిక భాగం నిలవలేదు. అప్పటికే రాజ్యం చేజారిపోయింది. 1855లో చివరి నవాబు గులాం ముహమ్మద్ గౌస్ ఖాన్ సంతానం లేకుండా మరణించాడు. కంపెనీ నవాబు పదవినే రద్దు చేసింది. బాకీలు తీర్చే పేరిట ఈ రాజభవనాన్ని వేలానికి పెట్టారు. చివరకు ప్రభుత్వమే దాన్ని సొంతం చేసుకున్నది. నవాబు వంశీకులకు తరువాత ఆర్కాటు ప్రిన్స్ అనే బిరుదు, రాయపేటలో అమీర్ మహల్ దక్కాయి.

నవాబును నిందించడానికి ఇది రాయడం లేదు. పండితుని పల్లకీకి భుజం పట్టిన మనిషి ఆయన. ధర్మమంటే ప్రేమ లేనివాడు కాడు. ప్రేమ ఉంటూనే, ఉన్నదానికి మించి కనబడాలన్న కోరికకు లొంగాడు. ఆ గోడల ముందు నిలబడి నేను చరిత్ర చెబుతున్నాననుకున్నాను. సగం చెప్పేసరికి నా గొంతులో మా ఊరి ఫంక్షన్ హాలు దీపాలు మెదిలాయి. నవాబు అప్పును సీమ రైతులు మోశారు. నా అప్పును ఎవరు మోస్తున్నారో నా పక్కనే నిలబడి ఉన్నాడు.

అస్ర్ నమాజు చేసుకొని మెరీనా ఇసుకలోకి దిగాము. నీళ్ల దాకా నడవడానికి చాలాసేపు పట్టింది. నవాబు కాలంలో అలలు రాజభవనానికి చాలా దగ్గరగా ఉండేవి. 1870లలో ఉత్తరాన ఓడరేవు కట్టడం మొదలయ్యాక, దక్షిణం నుండి ఉత్తరానికి ప్రవాహంతో కొట్టుకుపోయే ఇసుకకు రేవు గోడ అడ్డం పడింది. ఏటేటా ఇక్కడ ఇసుక పేరుకొని తీరం వెడల్పైంది. ఓడరేవుకు ఉత్తరాన మాత్రం ఇసుక అందక సముద్రం ఒడ్డును కోసుకుపోయింది. ఇక్కడ నవాబు ఇంటికి సముద్రం దూరమైంది. అక్కడ బెస్తవారి ఇళ్లకు ముప్పుగా దగ్గరైంది. ఒకచోట కట్టిన గోడ ఫలితం మరెక్కడో ఉన్నవారి గడపకు చేరుతుంది.

తడి ఇసుక అంచున కూర్చున్నాక అడిగాను. "నోటు పుస్తకం చూశాను. నాతో ఎందుకు చెప్పలేదు?"

చాలాసేపు అలల వైపే చూశాడు. "పెళ్లయిన నెలకు ఫర్నిచర్ కొట్టాయన మదర్సా గేటు దగ్గరికి వచ్చారు అబ్బా. మీరు పాఠం చెబుతున్నారు. మిమ్మల్ని పిలవమన్నారు. పిల్లల ముందు వద్దు, నేను ఇస్తానని చెప్పాను. తర్వాత మిగతా వాళ్ల దగ్గరికి నేనే వెళ్లాను. మీతో అనవద్దని వేడుకున్నాను."

"నీ చదువో?"

"హజ్రత్ అబూ ఖతాదా హదీసు మీరే చెప్పారు కదా" అన్నాడు.

చెప్పాను. ఏటా చెబుతాను. ఒక జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ మృతునికి అప్పు ఉందా అని అడిగారు. ఉందనీ, తీర్చడానికి ఏమీ వదలలేదనీ తెలిసి, మీ సహచరునికి మీరే నమాజు చేయండన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనదని ముందుకు రాగా, ఆయన (సఅసం) నమాజు చేయించారు. అల్లాహ్ మార్గంలో ప్రాణాలర్పించిన షహీదుకు సైతం అప్పు తప్ప మిగతా పాపాలన్నీ మన్నించబడతాయని సహీహ్ ముస్లింలో ఉంది. ఈ హదీసుల పదాలకు అర్థాలు, వాక్య నిర్మాణం, ఉల్లేఖకుల స్థాయి అన్నీ చెప్పగలను. పాఠం విన్న పాతికమందిలో ఒక్కడు దాన్ని తన భుజాన ఎత్తుకొని ఊరు విడిచాడని గమనించలేకపోయాను.

"బేటా, అబూ ఖతాదా (రజి) అప్పు నెత్తికెత్తుకున్నది చనిపోయినవాడిది. తీర్చే దారి ఆ మనిషికి మిగలలేదు. నేను బతికే ఉన్నాను. ఊరి బయట మూడు సెంట్ల స్థలం కూడా ఉంది" అన్నాను.

"అది మీరు ఇల్లు కట్టుకోవడానికి కొన్నది కదా అబ్బా. అమ్మీ ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నది."

"చేపాకంలో అంత ఇల్లు కట్టినాయన వారసులకు అది దక్కిందా?" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను, గొంతు నిలవలేదు. "నన్ను క్షమించు" అన్నాను. యాభై మూడేళ్ల వయసులో కొడుకును క్షమాపణ అడగడం ఎలాగో నాకు తెలియదు. ఎంత అడగాలో అంత అడగలేదేమో కూడా. వాడు నా చేయి పట్టుకున్నాడు. మగ్రిబ్ వేళకు ఇద్దరమూ లేచాము.

ఇంటికి వచ్చి వాళ్లమ్మకు అన్నీ చెప్పాను. ఆమె ఏడ్చింది, ఆ తర్వాత స్థలం కాగితాలు తానే తెచ్చి ఇచ్చింది. గత నెల అమ్మకం పూర్తయింది. మిగిలిన ఏడుగురి ఇళ్లకూ నేనే నడిచి వెళ్లి, ఆలస్యానికి మన్నింపు కోరి, బాకీ చెల్లించాను. అబ్బాయి అప్పటిదాకా పంపిన 1,85,000 రూపాయలను కూడా విడిగా తీసి వాడి పేరిట ఉంచాను. వద్దన్నాడు. అది నేను తనకు పడిన బాకీ అనీ, తీసుకోకపోతే నా లెక్క తెగదనీ చెప్పాను.

చదువు సంగతి ఇంకా తేలలేదు. "చిన్నవాళ్లతో కలిసి కూర్చోవాలి కదా అబ్బా, పైగా దుకాణదారు మరొక మనిషిని చూసుకోవాలి" అంటున్నాడు. ముల్లా కమాలుద్దీన్ ముందు కూర్చున్న బహ్రుల్ ఉలూమ్ గారిని గుర్తు చేశాను. "అయితే కూర్చుంటాను, కాని మీ తరగతిలో కాదు" అన్నాడు. ఆ షరతు నాకు సమ్మతమే. ఏ మదర్సా అయినా పర్వాలేదు. షవ్వాల్ రావడానికి ఇంకా వ్యవధి ఉంది.

ఈ పత్రిక చదివే ఇళ్లలో ఆడపిల్లల పెళ్లిళ్లు తలపెట్టినవారు ఎందరో ఉంటారు. నాకన్నా ఎక్కువ తెలిసినవారు కూడా ఉంటారు. తెలియక చేసేది తక్కువేనని ఇప్పుడు నాకు అర్థమైంది. విందుకు వచ్చేవారి జాబితా రాసేటప్పుడు, దాని పక్కనే బాకీదారుల జాబితా కూడా రాసి ఇంటిల్లిపాదికీ చూపండి. ఆ రెండో జాబితాను మీరు దాచితే, ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని మీకు తెలియకుండా తమ పుస్తకంలో రాసుకుంటారు.

చెన్నై వెళ్లేవారు వీలు చేసుకొని తిరువల్లికేణిని చూడండి. వాలాజా మస్జిదులో రెండు రకాతుల నమాజు చేసి, అక్కడ విశ్రమించిన పండితుని కోసం దుఆ చేయండి. ఆ తర్వాత చేపాకం గోడల దాకా నడవండి. పిల్లలను వెంట తీసుకెళ్లండి. దారిలో వారితో మాట్లాడండి, ముఖ్యంగా వారిని అడగండి. అల్లాహ్ మనందరినీ అప్పుల భారం నుండీ, ప్రదర్శనా బుద్ధి నుండీ కాపాడుగాక. ఆమీన్.